డబ్బా పంచాక ఏం జరిగింది?

హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ పచ్చ డబ్బా ఒకటి, నీలం డబ్బా ఒకటి ఇచ్చారు. పచ్చ డబ్బాలో తడి చెత్త, నీలం డబ్బాలో పొడి చెత్త వెయ్యాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద పట్టణాల్లోని ఇళ్లకు మూడు రంగుల డబ్బాలు అందాయి. రెండు చోట్లా కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి, ఉద్దేశమూ మంచిదే. అయినా ఈ రోజుకీ చాలా వీధుల్లో కూరగాయల తొక్కలు, పాల ప్యాకెట్లు, డైపర్లు, పగిలిన గాజు ఒకే సంచిలో చెత్త బండి ఎక్కుతున్నాయి. పంచిన డబ్బాలు ఎన్నో ఇళ్లలో బియ్యానికో, మాసిన బట్టలకో పనికొస్తున్నాయి.

వేరు చెయ్యడమే ఇంత కష్టమైతే, తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకోమని కుటుంబాలను ఒప్పించడం అయ్యే పనేనా? ఈ ప్రశ్నకు దేశంలోనూ బయటా పాతికేళ్లుగా జవాబులు పోగవుతూ వచ్చాయి. కొన్ని ఊళ్లు చేసి చూపించాయి, కొన్ని మొదలుపెట్టి ఆగిపోయాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా తేలుతుంది. డబ్బా ఇచ్చిన రోజున కంపోస్టు మొదలైనట్టు కాదు. మొదటిసారి వాసన వచ్చినప్పుడు, మొదటిసారి పురుగు కనిపించినప్పుడు ఆ ఇంటి గుమ్మం దాకా ఎవరైనా వచ్చారా లేదా అన్నదాని మీదే అది నిలవడమో పోవడమో ఆధారపడుతోంది.

ముందు పరిమాణం సంగతి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన ఆహార వృథా నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో దాదాపు 60 శాతం ఇళ్ల నుంచి వచ్చిందే. భారతీయ ఇళ్లలో ఇది తలకు ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా వేసింది. తొక్కలు, టెంకలు, ఎముకలు వంటి తినడానికి పనికిరానివి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. నలుగురున్న ఇంటికి చూస్తే రోజుకు సుమారు 600 గ్రాములు. పది వేల ఇళ్లున్న చిన్న పట్టణంలో అదే రోజుకు ఆరు టన్నులవుతుంది. పూజ పూలు, రాలిన ఆకులు, కత్తిరించిన కొమ్మలు దీనికి అదనం. మన పట్టణాల చెత్తను తూకం వేస్తే సగానికి అటూ ఇటూగా తేలేది ఈ కుళ్లిపోయే సరుకే.

పెరటి నుంచి డంపింగ్ యార్డు దాకా

తెలుగు పల్లెలకు ఈ పని కొత్తది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరల తొక్కలు కుడితి తొట్టిలోకి వెళ్లేవి. తవుడు కలిపితే గేదెకు అదే మేత. పశువు ముట్టనిది, ఊడ్చిన తుక్కు, పేడ, పొయ్యి బూడిద పెంటకుప్ప మీద పడేవి. ఉత్తరాంధ్రలో గెత్తం అన్నా, తెలంగాణలో పెంట అన్నా ఆ కుప్పకు విలువుండేది. ఎండాకాలంలో బండ్ల మీద పొలానికి తోలి, తొలకరికి ముందే చల్లేవారు. ఇంటి వ్యర్థానికి ఇంటి దగ్గరే గిరాకీ ఉండేది కాబట్టి దాన్ని ఎత్తుకెళ్లే బండి అవసరం రాలేదు.

శాస్త్రీయంగా కంపోస్టు చేసే పద్ధతులకూ ఈ దేశమే పుట్టిల్లు. ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేస్తూ, రైతుల ఆచారాలను గమనించి, పంట వ్యర్థాలు, పేడ పొరలు పొరలుగా పేర్చి తిరగవేసే ‘ఇండోర్ పద్ధతి’ని రూపొందించారు. సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణ చెత్తకు పనికొచ్చే గుంతల పద్ధతిని తయారుచేశారు. మహారాష్ట్ర రైతు నారాయణ్ దేవ్‌తావ్ పంఢరిపాండే పేరు మీద వచ్చిన ‘నాడెప్’ తొట్టి ఆ తర్వాతి కాలానిది.

పట్టణాలు పెరిగి, పెరళ్లు పోయి, గేదెలు ఊరి బయటికి వెళ్లాక ఈ వలయం తెగిపోయింది. చెత్త మున్సిపాలిటీ సొత్తయింది. 1970ల్లో కేంద్ర సాయంతో కొన్ని పెద్ద నగరాల్లో యంత్రాలతో నడిచే కంపోస్టు ప్లాంట్లు పెట్టారు. ఎక్కువ భాగం మూతపడ్డాయి. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు కట్టారు. తడి, మట్టి ఎక్కువగా ఉన్న చెత్త మండక అదీ ఆగింది. అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం దేశంలో చెత్త గురించిన చట్టపరమైన చర్చను మలుపు తిప్పింది. దాని ఫలితంగా వచ్చిన 2000 నాటి నిబంధనలు, 2003 చివరికల్లా ప్రతి పట్టణమూ చెత్తను శుద్ధి చేసే ఏర్పాటు చేసుకోవాలన్నాయి. గడువు దాటిపోయింది, గుట్టలు పెరిగాయి.

ఆ గుట్టల లోపల ఏం జరుగుతుందో తెలిస్తేనే ఇంటి కంపోస్టు విలువ అర్థమవుతుంది. గాలి ఆడని చోట కుళ్లే ఆహారం నుంచి మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు ఇరవై ఎనిమిది రెట్ల శక్తిగలది. ఎండాకాలంలో డంపింగ్ యార్డులు అంటుకుంటే రోజుల తరబడి రగిలేది దీనివల్లే. తడి చెత్తలోంచి ఊరే నల్లటి నీరు బ్యాటరీలు, రసాయనాల విషాన్ని కలుపుకొని భూగర్భ జలాల్లోకి దిగుతుంది. హైదరాబాద్ చెత్తను మోసిన జవహర్‌నగర్ పక్కన మల్కారం చెరువు ఆ నీటితోనే పాడైంది. అదే తొక్క, అదే ఆకు గాలి ఆడేచోట కుళ్లితే మీథేన్ దాదాపు పుట్టదు, చేతికి ఎరువు వస్తుంది.

పెద్ద ప్లాంటు చాలదా?

‘ప్రతి ఇల్లూ ఈ తంటా పడటం దేనికి, ఊరికో పెద్ద ప్లాంటు పెడితే సరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మంచి జవాబు భోపాల్‌లోని భారత మృత్తికా శాస్త్ర సంస్థ పరిశోధకుల దగ్గర దొరికింది. వివిధ నగరాల్లో తయారైన చెత్త కంపోస్టును పరీక్షించి 2010లో వారు ఫలితాలు ప్రచురించారు. కలిపి తెచ్చిన చెత్త నుంచి చేసిన ఎరువులో సీసం, కాడ్మియం వంటి భార లోహాలు ఎక్కువగా, సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్నాయి. ఇంటి దగ్గరే వేరు చేసిన తడి చెత్త నుంచి చేసిన ఎరువు వాటికంటే మెరుగ్గా ఉంది. గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు మెరిసే ఎరువును రైతు ఒకసారి కొంటాడు, రెండోసారి కొనడు. అమ్మకం పెంచడానికి కేంద్రం 2016లో పట్టణ కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించాల్సి వచ్చింది.

వేరు చేసిన తడి చెత్త కచ్చితంగా అందే చోట పెద్ద ప్లాంట్లు బాగా నడుస్తున్నాయి. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల వ్యర్థాన్ని గ్యాసుగా, దాదాపు 500 యూనిట్ల కరెంటుగా మార్చే ప్లాంటు ఉంది. దాని వెనక హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానం ఉంది. మార్కెట్‌లో మిగిలేవి కూరగాయలే కాబట్టి అక్కడ వేరు చేసే సమస్య లేదు. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన బయో సీఎన్‌జీ ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తను తీసుకోగలదు. దానికి ముందు ఆ నగరం ఏళ్ల తరబడి ఇంటి గుమ్మం దగ్గర వేరు చేయించడం మీద శ్రమ పెట్టింది. ప్లాంటు పెద్దదైనా చిన్నదైనా మొదటి పని వంటింట్లోనే జరగాలి. అలా వేరు చేసిన కుటుంబం మరో అడుగు వేస్తే, ఆ అరకిలో, కిలో చెత్త బండే ఎక్కక్కర్లేదు.

తెలుగు నేల మీద ఈ మొదటి పని జరిగిన ఊళ్లు ఉన్నాయి. 2000ల తొలి ఏళ్లలో సూర్యాపేట మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఉన్న సిబ్బందితోనే ఇంటింటి సేకరణ, వేరు చేయడం, వానపాముల ఎరువు నడిపించారు. దేశమంతటి నుంచీ అధికారులు చూడటానికి వచ్చారు. 2012 అక్టోబరులో వరంగల్‌లో మున్సిపల్ సిబ్బంది జట్లకు పోటీ పెట్టి, ఇంటింటికీ తిరిగి చెత్త వేరు చేయించారు. కొద్ది రోజుల్లోనే నగరం అలవాటు మార్చుకోగలదని అది రుజువు చేసింది. ఇలాంటి చోట్ల తర్వాత ఎదురయ్యే చిక్కు మాత్రం ఒకటే. పట్టుదల ఉన్న అధికారి బదిలీ కాగానే పనిలో ఊపు తగ్గిపోతుంది. వ్యక్తి మీద నిలిచిన ఏర్పాటు వ్యవస్థగా మారాలంటే ఏం కావాలో కేరళ, ఇండోనేషియా అనుభవాలు చెబుతాయి.

అలప్పుళ, సురబాయ, సియోల్

కేరళలోని అలప్పుళ పట్టణం తన చెత్తను పక్కనున్న సర్వోదయపురం ప్లాంటుకు పంపేది. వాసన, మురుగు భరించలేక అక్కడి గ్రామస్తులు లారీలను ఆపేశారు. పట్టణం వీధులు, కాలువలు చెత్తతో నిండాయి. వేరే స్థలం వెతకడం మానేసి, 2012లో మున్సిపాలిటీ దారి మార్చుకుంది. అప్పటి స్థానిక శాసనసభ్యుడు థామస్ ఐజాక్ ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. ఇళ్లకు పైపు కంపోస్టులు, చిన్న బయోగ్యాస్ తొట్లు ఖర్చులో ఎక్కువ భాగం సబ్సిడీగా ఇచ్చారు. స్థలం లేని ఇళ్ల కోసం వీధి మూలల్లో తుంబూర్‌ముళి తరహా తొట్లు కట్టారు. గాలి ఆడటానికి సందులు వదిలిన ఆ తొట్లలో పేడ, ఎండాకులు, వంటింటి చెత్త పొరలుగా వేస్తే సుమారు 90 రోజుల్లో ఎరువవుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2017లో చెత్త నిర్వహణలో ఆదర్శంగా చూపిన అయిదు నగరాల్లో అలప్పుళ ఒకటి.

అక్కడ పనిచేసింది సబ్సిడీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. వీధి తొట్టి దగ్గర మనిషి ఉండేవాడు. తెచ్చిన చెత్తలో ప్లాస్టిక్ ఉంటే వెనక్కిచ్చేవాడు. గ్యాసు రావడం ఆగిన ఇంటికి వెళ్లి చూసేవారు ఉండేవారు. సబ్సిడీకి పెట్టిన డబ్బు ఫలితం ఇవ్వడానికి ఆ మనుషులే కారణం.

ఇండోనేషియాలోని సురబాయ కథ ఇంకా చిన్న పరికరంతో మొదలైంది. 2001లో అక్కడి కెపుతి డంపింగ్ యార్డును జనం మూయించాక నగరం చెత్తలో కూరుకుపోయింది. జపాన్‌లోని కితాక్యూషు నగర సహకారంతో 2004లో కోజి తకకురా అనే నిపుణుడు వచ్చాడు. అతను విదేశీ యంత్రమేమీ తేలేదు. బజారులో దొరికే బట్టల బుట్ట, లోపల అట్టముక్క, స్థానికంగా పులియబెట్టిన తవుడు, ఊకల మిశ్రమం కలిపి ఇంటి బుట్ట తయారుచేశాడు. నగరపాలక సంస్థ ఆ బుట్టలను వేల సంఖ్యలో ఉచితంగా పంచింది. పంచి ఊరుకోకుండా వీధి వీధికీ మహిళా కార్యకర్తలను తయారుచేసి, బుట్ట ఎలా ఉందో వారితో చూపించింది. కొన్నేళ్లలోనే డంపింగ్ యార్డుకు వెళ్లే చెత్త 20 శాతానికి పైగా తగ్గింది.

దక్షిణ కొరియా మరో దారి పట్టింది. ఆహార వ్యర్థాన్ని నేరుగా పూడ్చడాన్ని 2005లో నిషేధించింది. 2013 నుంచి పారేసిన కొద్దీ డబ్బు కట్టే పద్ధతి తెచ్చింది. సియోల్ అపార్ట్‌మెంట్లలో కార్డు చూపితే తెరుచుకుని, బరువు తూచి, ఆ ఇంటి ఖాతాలో రాసే డబ్బాలున్నాయి. ఇప్పుడు ఆ దేశంలో ఆహార వ్యర్థంలో 90 శాతానికి పైగా దాణాగా, ఎరువుగా, గ్యాసుగా మారుతోంది. ఫ్రాన్స్ 2024 జనవరి 1 నుంచి తడి చెత్తను వేరుగా ఇచ్చే వీలు ప్రతి ఇంటికీ కల్పించడం స్థానిక సంస్థల బాధ్యత చేసింది. సేకరణ బండి కావచ్చు, వీధి తొట్టి కావచ్చు, ఇంటి కంపోస్టు కావచ్చు.

కొరియా దారిలో రుసుము పనిచేసింది. మన దగ్గర రుసుము తేలికగా సాగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘క్లాప్’తో పాటు వచ్చిన యూజర్ చార్జీలను జనం చెత్త పన్ను అన్నారు. ఎంత చెత్త ఇచ్చినా ఒకటే రుసుము. వేరు చేసినవారికీ చెయ్యనివారికీ తేడా లేదు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దాని రద్దును ప్రకటించారు. తగ్గించినవారికి తగ్గే రుసుము అయివుంటే కథ వేరుగా నడిచేదేమో, ఆ ప్రయోగం మాత్రం జరగలేదు. పుణె నగరంలో ఆస్తి పన్ను మీద 5 నుంచి 10 శాతం దాకా రాయితీ ఉంది. సౌరశక్తి, వర్షపు నీటి నిల్వతో పాటు వానపాముల ఎరువుకూ అది వర్తిస్తుంది. రాయితీకి తోడు తనిఖీ లేకపోతే ఎరువు గుంత కాగితం మీదే మిగిలిపోతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మొదటి నలభై రోజులు

బెంగళూరులో 2006లో పూనమ్ బీర్ కస్తూరి మొదలుపెట్టిన డైలీ డంప్ సంస్థ ఒకదాని మీద ఒకటి పేర్చే మట్టి కుండల ‘ఖంబా’ను ఇళ్లకు పరిచయం చేసింది. ఆ నమూనాను దాచుకోకుండా ఇతర ఊళ్ల కుమ్మరులు కూడా చేసుకునేందుకు వీలిచ్చింది. 2012లో మావళ్లిపుర యార్డు మూతపడి నగర వీధుల్లో చెత్త పేరుకున్నప్పుడు ఇళ్లలో కంపోస్టు మీద ఆసక్తి బాగా పెరిగింది. తర్వాత హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రకరకాల తొట్లను ఒకేచోట చూసి నేర్చుకునే కేంద్రం కూడా వచ్చింది. అక్కడికి వచ్చే వారి ప్రశ్నలు, మన మిద్దెతోటల బృందాల్లో వినిపించే ప్రశ్నలు ఒక్కలాగే ఉంటాయి. వాసన వస్తోంది. తెల్ల పురుగులు పడ్డాయి. ఎన్నాళ్లయినా ముద్దలాగే ఉంది. ఇంట్లోవాళ్లు పారెయ్యమంటున్నారు.

ఈ నాలుగింటిలో మూడింటికి కారణం ఒక్కటే, తడి ఎక్కువై గాలి ఆడకపోవడం. సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలైతే కర్బనం పాతిక నుంచి ముప్పై పాళ్లు కావాలి. తోటకూర కాడలు, మునక్కాయ పిప్పి, టీ పొడి, మిగిలిన అన్నంలో నత్రజని, నీరు ఎక్కువ. ఎండాకులు, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు, చింపిన అట్టముక్కల్లో కర్బనం ఎక్కువ. గుప్పెడు తడికి కనీసం గుప్పెడు పొడి వేస్తే తేమ 50–60 శాతం దగ్గర నిలుస్తుంది. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గాని నీళ్లు కారకూడదు. వారానికోసారి కలియబెట్టాలి. పాత తొట్టిలోని ఎరువు కాస్త కొత్త తొట్టిలో వేస్తే పాలలో తోడు వేసినట్టే, పని త్వరగా అందుకుంటుంది. పుల్లటి మజ్జిగ, పేడ నీళ్లు కూడా ఇందుకు పనికొస్తాయి. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం ఇరవై రూపాయలకు తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ సీసాను చాలామంది వాడుతున్నారు. ఎండాకులు చాలినన్ని లేకపోతే మాత్రం ఏ ద్రావణమూ ఆదుకోదు.

తెల్ల పురుగులను చూసి భయపడి ఎంతోమంది ఆపేస్తారు. వాటిలో చాలా వరకు నల్లని సోల్జర్ ఈగ పిల్లలు. అవి చెత్తను వేగంగా తింటాయి. ఎదిగిన ఈగ ఇంట్లో ఆహారం మీద వాలి రోగాలు మోసే రకం కాదు. ఈ ఒక్క సంగతి చెప్పే మనిషి ఆ రోజు ఇంటికి వచ్చి ఉంటే ఎన్నో తొట్లు మూతపడేవి కావు.

మన వంటలకు తగిన జాగ్రత్తలూ ఉన్నాయి. సాంబారు, పులుసు మిగిలితే నీరు వడగట్టి వెయ్యాలి. నూనె, ఉప్పు, పచ్చళ్ల మసాలా ఎక్కువైతే సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. వానపాముల తొట్టిలో అయితే ఉప్పు, కారం, నిమ్మ తొక్కలు వెయ్యకపోవడమే మంచిది. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు ఏడాదికీ చివకవు కాబట్టి విడిగా తియ్యాలి. మాంసం, చేప వ్యర్థాలు వేస్తే ఎలుకలు, పిల్లులు చేరతాయి. కొత్తవారు వాటి జోలికి పోకూడదు. వానాకాలంలో తొట్టి మీద కప్పు ఉండాలి. రోహిణి కార్తె ఎండల్లో తొట్టి ఎండిపోతుంది గనుక నీళ్లు చిలకరించాలి. అన్నీ కుదిరితే రెండు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది. వేసినదాంట్లో అయిదో వంతో, నాలుగో వంతో మిగులుతుంది.

ఇదంతా ఎవరి పని అన్న ప్రశ్నను ప్రచార పత్రాలు తరచూ దాటేస్తాయి. చాలా ఇళ్లలో తొట్టి చూసుకునేది ఇల్లాలే. ఉన్న పనులకు తోడు రోజుకు పది నిమిషాలు, వారానికోసారి కలియబెట్టడం, ఎండాకులు తెచ్చుకోవడం ఆమె మీదే పడితే నాలుగు వారాలకే విసుగొస్తుంది. తడి చెత్త తీసుకెళ్లి వెయ్యడం ఒకరు, కలియబెట్టడం ఒకరు, ఆకులు తేవడం పిల్లలు అని పంచుకున్న ఇళ్లలో తొట్టి నిలుస్తుంది. శిక్షణకు భార్యాభర్తలిద్దరినీ పిలవడం చిన్న మార్పే గాని ఫలితం ఉంటుంది.

ఆకులు, అపార్ట్‌మెంట్లు, మిద్దెతోటలు

ఇంటి కంపోస్టుకు పట్టణాల్లో అసలు కొరత ఎండాకులది. చిత్రమేమిటంటే శిశిరంలో వేప, రావి, కానుగ ఆకులు రోడ్ల మీద గుట్టలు పడతాయి. తెల్లవారుజామున వాటిని ఊడ్చి అంటించేస్తారు. ఆ పొగ పీల్చేది ముందుగా పారిశుధ్య కార్మికులే. పుణెలో ‘బ్రౌన్ లీఫ్’ అనే పౌర బృందం ఆకులు ఎక్కువైన ఇళ్లను, ఆకులు కావలసిన ఇళ్లను కలుపుతూ వచ్చింది. పార్కుల్లో, కాలేజీ ఆవరణల్లో రాలిన ఆకును సంచుల్లో నింపి వార్డు కార్యాలయంలో ఉంచితే మున్సిపాలిటీకి అయ్యే ఖర్చు స్వల్పం. తొట్టి ఉన్న ఇంటికి అది సబ్సిడీ కంటే ఎక్కువ పనికొస్తుంది.

అపార్ట్‌మెంట్ల సంగతి వేరు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలను, హోటళ్లను వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోమన్నాయి. చాలా సొసైటీలు లక్షలు పెట్టి కరెంటుతో నడిచే యంత్రాలు కొన్నాయి. వాటిలో కొన్ని చెత్తను వేడి చేసి ఒక్క రోజులో ఎండబెడతాయి. బయటికొచ్చే పొడి చూడటానికి ఎరువులా ఉన్నా పూర్తిగా మాగలేదు. నేరుగా కుండీలో వేస్తే తడి తగిలి మళ్లీ కుళ్లుతుంది, మొక్క వేరు దెబ్బతింటుంది. మరికొన్ని వారాలు గాలిలో మాగనివ్వాలని తెలియక మొక్కలు చచ్చిన చోట కంపోస్టు మీదే నమ్మకం పోయింది. నేల మీద జాలీ తొట్లు నాలుగు వరుసగా కట్టి, వాటిని చూసే మనిషికి సరైన జీతం, చేతి తొడుగులు ఇచ్చిన సొసైటీలు తక్కువ ఖర్చుతో మంచి ఎరువు తీస్తున్నాయి.

ఎరువు తయారయ్యాక దాన్నేం చెయ్యాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఇక్కడ తెలుగు పట్టణాలకు ఒక బలం ఉంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి హైదరాబాద్‌లో తన ఇంటిపైన కూరగాయలు పండిస్తూ, రాస్తూ ‘మిద్దెతోట’ అన్న ఆలోచనను ఇంటింటికీ చేర్చారు. రెండు రాష్ట్రాల్లోనూ వేలమంది వంకాయ, బెండ, ఆకుకూరలు డాబాల మీద పండిస్తున్నారు. విత్తనాలు పంచుకుంటున్నారు. వారికి అత్యవసరమైనది మట్టిలో కలపడానికి మాగిన ఎరువు. పశువుల ఎరువు నగరంలో ఖరీదైపోయింది. ఇంటి కంపోస్టు నిలిచిన ఇళ్లను చూస్తే వాటిలో ఎక్కువ చోట్ల ఒక మొక్క ఉంటుంది. కరివేపాకు చెట్టుకు తన వంటింటి ఎరువు వేసినవారు తొట్టిని తేలికగా వదలరు. కంపోస్టు ప్రచారం చెత్త బండి దగ్గర మొదలైతే అది విధిలా వినిపిస్తుంది. మిద్దెతోట దగ్గర మొదలైతే జనం తామే అడుగుతారు.

పూలది ప్రత్యేకమైన అవకాశం. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 నుంచి వాడిన పూలతో అగరుబత్తీలు చేయిస్తోంది. కాలనీ గుడులు, వినాయక చవితి పత్రి, బతుకమ్మ పూలు అంత పెద్ద ఏర్పాటు కోరవు. గుడి ఆవరణలో ఒక తొట్టి ఉంటే, దేవుడికి పెట్టిన పూలు చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పని వారికి అదే మంచి దారి. పూలు త్వరగా చివుకుతాయి, వాసన రాదు. కొత్త కాలనీలో కంపోస్టు ఎలా ఉంటుందో అందరికీ చూపించడానికి ఇంతకంటే తేలికైన సరుకు లేదు.

లెక్కలోకి రాని పని

ఇంటి కంపోస్టుకు ఎదురయ్యే చివరి అడ్డంకి ఇంట్లో కాదు, ఒప్పందాల్లో ఉంది. చాలా నగరాల్లో చెత్త తరలించే సంస్థలకు టన్నుల లెక్కన డబ్బు చెల్లిస్తారు. బండి బరువెక్కిన కొద్దీ బిల్లు పెరుగుతుంది. ఒక కుటుంబం రోజుకు అరకిలో తగ్గిస్తే నగరానికి రవాణా మిగులుతుంది, యార్డులో చోటు మిగులుతుంది. ఆ మిగులు ఏ ఖాతాలోనూ కనిపించదు. బండిలోకి రాని చెత్తను తూచేవారు లేరు కాబట్టి, దాన్ని తగ్గించిన మనిషికీ, నేర్పిన కార్యకర్తకూ గుర్తింపు లేదు. దీన్ని సరిచెయ్యడం కష్టం కాదు. వార్డుల వారీగా యార్డుకు చేరే బరువు ఎంత తగ్గిందో కొలిచి, మిగిలిన రవాణా ఖర్చులో కొంత ఆ వార్డుకే తిరిగివ్వొచ్చు.

పల్లెల్లో ఇప్పటికే షెడ్లున్నాయి. తెలంగాణలో పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీల్లో సెగ్రిగేషన్ షెడ్లు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త నుంచి సంపద కేంద్రాలు వెలిశాయి. బాగా నడిచే చోట వానపాముల ఎరువు నర్సరీలకు, రైతులకు అమ్ముతున్నారు. నడవని చోట తాళం వేసి ఉంది. తేడా ఎక్కడంటే, పనిచేసే మనిషికి నెల నెలా జీతం అందుతోందా, ఊళ్లోంచి వేరు చేసిన చెత్త వస్తోందా అన్న రెండు విషయాల దగ్గరే.

పట్టణాల్లో మనుషుల కొరత కూడా లేదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ ‘మెప్మా’ కింద పొదుపు సంఘాలున్నాయి, ప్రతి కాలనీనీ ఎరిగిన రిసోర్స్ పర్సన్లున్నారు. వారిలో కొందరికి కంపోస్టులో శిక్షణ ఇచ్చి, తొట్టి పెట్టిన ఇంటికి మొదటి మూడు నెలల్లో నాలుగైదుసార్లు వెళ్లి చూసేలా, వెళ్లిన ప్రతిసారీ పారితోషికం అందేలా చేస్తే సురబాయలో జరిగినది ఇక్కడా జరుగుతుంది. వెయ్యి ఇళ్లున్న ఒక వార్డులో మూడో వంతు కుటుంబాలు నిలబడినా రోజుకు 200 కిలోలు, ఏడాదికి 70 టన్నులకు పైగా తడి చెత్త బండి ఎక్కదు. మిగిలిన రెండు వంతుల ఇళ్లకు వీధి తొట్టి ఉండాలి, వేరుగా తీసుకెళ్లే బండి ఉండాలి. వేరు చేసి ఇచ్చినదాన్ని కళ్లముందే కలిపేసే బండి వస్తే ఒక్క వారంలో అలవాటు పోతుందని ప్రతి నగర అనుభవమూ చెబుతోంది.

ఇలాంటి వార్డు ప్రయోగానికి ఫిబ్రవరి అనువైన నెల. ఆకులు రాలడం మొదలవుతుంది, వానలుండవు, కొత్తవారి తొట్లు తడిసి పాడయ్యే భయం తక్కువ. మున్సిపాలిటీలు రాబోయే ఏడాది బడ్జెట్ రాసుకునేదీ ఆ రోజుల్లోనే. ఈసారి ఆ పద్దుల్లో డబ్బాలకు రాసే మొత్తం పక్కనే, గుమ్మం గుమ్మానికీ వెళ్లే మనుషుల జీతానికీ, ఆకుల సంచులకూ ఒక వరుస చేర్చమని అడగవలసింది వార్డు కౌన్సిలర్లు, కాలనీ సంక్షేమ సంఘాలే.